వాసన వెంట పాపికొండలకు

గండి పోచమ్మ గుడి రేవులో లాంచీ కదిలిన కాసేపటికే కింది హాల్లో డీజిలు వాసన ముక్కుకు తగిలింది. పక్క సీటావిడ కొంగు అడ్డం పెట్టుకుని, "లాంచీ అన్నాక ఆ మాత్రం ఉంటుంది లెండి" అన్నారు. నాకు మనసొప్పలేదు. కాకినాడ మర పడవల మధ్య పెరిగినవాణ్ణి. కాలిన డీజిలు పొగ కళ్లు మండిస్తుంది. పచ్చి డీజిలు గొంతులో జిడ్డులా పట్టుకుంటుంది. ఇది పచ్చి వాసన.

దేవీపట్నం వైపు నీళ్లలో మునిగిన ఊళ్లను అందరూ చూస్తుంటే నాకు వీరవరపులంక గుర్తొచ్చింది. 2018 మే నెలలో అక్కడే ఒక పర్యాటక లాంచీ మంటల్లో కాలిపోయింది. ఒడ్డు దగ్గర కాబట్టి జనం బతికి బయటపడ్డారు. నడి గోదాట్లో అయితే ఎటు దూకుతాం?

సరంగు దగ్గరికి వెళ్లి చెప్పాను. "వెనక గాలండీ, పొగ లోపలికి తిరుగుతోంది" అన్నాడాయన. అదీ జరిగేదే. నడుస్తున్న పడవ వెనక గాలి సుడి తిరిగి పొగను లోపలికి లాగుతుంది. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసనే ఉండదు కనుక దాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు. పేరంటపల్లిలో ఇంజను ఆపినప్పుడు చూద్దామనుకున్నాం.

పాపికొండలు దగ్గరపడ్డాయి. రెండు కొండల మధ్య నది ఇరుకై, పచ్చదనం నీళ్లలోకి దిగినట్టుంది. ఫొటోల కోసం జనమంతా ముందు వైపుకు ఎగబడ్డారు. లాంచీ ముక్కు కాస్త వంగింది. అప్పటిదాకా వెనక ఘాటుగా ఉన్న వాసన ముందుకొచ్చింది! కొండల అందం చూడాల్సిన సమయంలో నా చూపంతా కాళ్ల కింది చెక్కల మీదే. అడుగున చేరిన నీటి మీద డీజిలు తేలుతోందన్నమాట. పడవ ఎటు వంగితే వాసన అటు పోతుంది. అలాంటప్పుడు ఘాటుగా ఉన్నచోట వెతికితే కారేచోటు దొరకదు.

పేరంటపల్లిలో ఇంజను ఆగింది. వాసన ఆగలేదు. యాత్రికులు రామకృష్ణ మునివాటం ఆశ్రమానికి వెళ్లారు, మేం ముగ్గురం, సరంగు, హెల్పరు కుర్రాడు, నేను, ఉండిపోయాం. ముందు టీ పొయ్యి ఆర్పి, సిలిండరు కట్టేయించాను. పెట్రోలు పడవైతే ఇంకా భయపడాలి. దాని ఆవిరి గాలికన్నా బరువు, అడుగున పేరుకుని ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. డీజిలు అంత తొందరగా అంటుకోదు గానీ, కాగిన పొగగొట్టం మీద చిమ్మితే అదీ మండుతుంది.

చెక్కలెత్తితే నీటి మీద ఇంద్రధనుస్సు రంగుల పొర. ఇంజనునంతా గుడ్డతో పొడిగా తుడిచి, టాంకు కొళాయి, ఫిల్టరు, పంపు, నాజిళ్లు, ప్రతి అతుకుకీ న్యూస్ పేపరు ముక్క చుట్టాం. ఇంజను ఆడుతుండగా నాజిలు పైపుల దగ్గర చెయ్యి పెట్టొద్దని కుర్రాడికి గట్టిగా చెప్పాను. ఆ ఒత్తిడికి సన్నని ధార చర్మంలోకి దూసుకుపోతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు.

కాసేపు ఆడించి ఆపేశాం. కాగితాలు ఒక్కొక్కటే విప్పాం. కొళాయి దగ్గర పొడి, ఫిల్టరు దగ్గర పొడి. మూడో నాజిలు మీది రిటర్ను పైపుకు చుట్టిన ముక్క మాత్రం తడిసి, వెనక వైపు అక్షరాలు ఇటు కనిపించేంత పలచగా మారింది. రబ్బరు ఎండి గట్టిపడి, వంపు చాటున వెంట్రుకంత పగులు. ఇంజను తిరిగినప్పుడే కారుతుంది; అందుకే ఆగి ఉన్నప్పుడు ఎవరి కంటా పడలేదు.

పాత పైపు తీసి కొత్త ముక్క, క్లిప్పులు బిగించాం. సరంగు అడుగు నీళ్ల పంపు స్విచ్చి మీద చెయ్యి వేశాడు. "గోదాట్లోకి వద్దండీ, కింద కొండరెడ్ల ఊళ్లున్నాయి" అన్నాను. ఆయన మారుమాట్లాడకుండా గుడ్డలతో పైపొరను అద్ది డబ్బాలోకి పిండమన్నాడు.

తిరుగు ప్రయాణంలో మధ్యలో ఒకసారి ఇంజను ఆపించి చూస్తే మళ్లీ చుట్టిన కాగితాలన్నీ పొడిగానే ఉన్నాయి. మిగతా రిటర్ను పైపులదీ అదే వయసు కదా, మార్చేవరకూ ఇంకో ట్రిప్పు వెయ్యొద్దని సరంగుతో అన్నాను. "ఓనరు గారితో నేనే మాట్లాడతానండీ" అని, టికెట్ల పుస్తకం వెనక పైపుల కొలతలు రాయించాడు.