కోడ్ రంగులు మన కళ్ళకి తగ్గట్టు మార్చుకుందాం



వెబ్ డిజైన్ నేర్చుకుంటున్న మనోళ్ళ కోసం ఇది రాస్తున్నా. మా ఇంట్లో కోయ మాట్లాడతాం, బడిలో తెలుగు చదివా, ల్యాబ్‌కి వచ్చేసరికి అంతా ఇంగ్లీషే. హెచ్‌టీఎంఎల్ మొదలుపెట్టినప్పుడు నాకు దారి చూపించినవి రంగులు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ట్యాగ్ నీలం, యాట్రిబ్యూట్ ఎరుపు, కోట్స్ మధ్య ఉన్నది ఊదా, కామెంట్ ఆకుపచ్చ. ఒక కోట్ మూయకపోతే తర్వాతి కోట్ వచ్చేదాకా అంతా ఊదా అయిపోతది. తప్పు ఎక్కడుందో చూడగానే తెలుస్తది.

కానీ మా హాస్టల్ తమ్ముడొకడికి ఈ రంగులే అడ్డం పడ్డాయి. వాడికి ఎరుపు, ఆకుపచ్చ ఒకేలా కనిపిస్తాయి. ఇది పుట్టుకతో వచ్చేది, ఆడపిల్లల కన్నా మగపిల్లల్లో ఎక్కువ. చదువుకీ తెలివికీ దీంతో సంబంధం లేదు. వాడు కామెంట్ లోపలున్న లైన్లు మారుస్తూ కూర్చునేవాడు, పేజీలో ఏమీ మారేది కాదు. "మీవాళ్ళకి కంప్యూటర్లు ఎందుకు" అని ల్యాబ్‌లో ఒకరు అనేశారు. ఆ రాత్రే వాడు ఊరెళ్ళిపోతానని బట్టలు సర్దుకున్నాడు.

నేను ఆపి, పొద్దున్నే ల్యాబ్‌కి తీసుకుపోయా. సెట్టింగ్స్ మెనూలో స్టైల్ కాన్ఫిగరేటర్ తెరిచి, ఎడమపక్క హెచ్‌టీఎంఎల్ ఎంచుకున్నాం. పక్కనే ట్యాగ్, యాట్రిబ్యూట్, కామెంట్ అని వరుసగా ఉంటాయి. కామెంట్‌కి వెనకాల లేత పసుపు పెట్టి, అక్షరాలు వాలుగా చేశాం. యాట్రిబ్యూట్‌ని నలుపు చేసి బోల్డ్ పెట్టాం. సేవ్ కొట్టాం, పది నిమిషాల్లో పని అయిపోయింది. "అన్నా, ఇదంతా కామెంటా!" అన్నాడు వాడు. బట్టల సంచి మళ్ళీ మంచం కిందికి పోయింది.

మీరు చేసేటప్పుడు రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, రంగు ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. బోల్డ్, వాలు అక్షరాలు, వెనక రంగు కూడా వాడండి. ల్యాబ్‌లో వెలిసిపోయిన పాత మానిటర్ దొరికినా అవి పనికొస్తాయి. రెండోది, మొత్తం థీమ్ మార్చక్కర్లేదు, మీకు ఇబ్బందిగా ఉన్నవే మార్చుకోండి. వీఎస్ కోడ్ వాడేవాళ్ళకీ సెట్టింగ్స్‌లో టోకెన్ కలర్ కస్టమైజేషన్స్ అని ఇదే వసతి ఉంది.

మీ హాస్టల్లో ఎవరైనా తమ్ముడో చెల్లో "నాకు కోడింగ్ రాదు" అంటే, ముందు వాళ్ళ పక్కన కూర్చొని స్క్రీన్ మీద ఏం కనిపిస్తుందో అడగండి. స్టైల్ కాన్ఫిగరేటర్ దగ్గర ఆగిపోతే కింద రాయండి, నేను చెప్తా.