మావయ్యగారి వైట్ సాక్స్

2024 ఏప్రిల్ మొదట్లో మావయ్యగారు బాపట్ల నుంచి మా దగ్గరికి, షికాగో పక్కనున్న నేపర్‌విల్‌కి వచ్చారు. అత్తయ్యగారు పోయి అప్పటికి ఐదు నెలలు. ఆ ఇంట్లో ఆయన్ని ఒక్కరినీ ఉంచలేక మా వారు వెళ్ళి తీసుకొచ్చారు. పొద్దున కాఫీ, మధ్యాహ్నం భోజనం, ఇక అక్కణ్ణుంచి కిటికీ. అడిగినదానికి జవాబు చెప్పేవారు, అంతే. సాయంత్రం ఆరు దాటితే మరీ కష్టంగా ఉండేది. అక్కడ ఆ వేళకి ఇద్దరూ అరుగు మీద కూర్చునేవాళ్ళు.

మా వాడికి పదమూడేళ్ళు. బేస్‌బాల్ పిచ్చి. ఊళ్ళో కబ్స్ అని ఇంకో జట్టుంది, వీడి స్నేహితులంతా అటువైపే. వీడు మాత్రం వైట్ సాక్స్‌నే పట్టుకున్నాడు. ఆ ఏడాది వాళ్ళు మొదటి 25 ఆటల్లో 22 ఓడిపోయారు. తోడు ఎవరూ దొరక్క తాతయ్యని టీవీ ముందు కూర్చోబెట్టాడు.

"ఇదేం ఆటరా, బంతి తగిలితే పరుగెత్తి తీరాలా? క్రికెట్‌లోలాగా నింపాదిగా నిలబడకూడదా?" అనేవారు. కొన్నాళ్ళు అలాగే గడిచింది. ఓ రోజు ఓటమి అయ్యాక, "మళ్ళీ ఆట ఎప్పుడు?" అని అడిగారు.

"రేపే తాతయ్యా. మొత్తం 162 ఆటలు."

"ఓడిపోయినవాళ్ళకి మర్నాడే మళ్ళీ ఆట పెడతారా!" అన్నారు. ఆ మాట ఆయనకెందుకో పట్టేసింది. మర్నాడు ఆరున్నరకల్లా తనే వచ్చి సోఫాలో కూర్చున్నారు. పంచాంగంతో పాటు తెచ్చుకున్న డైరీలో రెండు గళ్ళు గీశారు, 'గె' అని ఒకటి, 'ఓ' అని ఒకటి.

'ఓ' గడికి కాగితాలు చాల్లేదు. జులై, ఆగస్టుల్లో వరసగా 21 ఓడారు. ఆగస్టు 6న ఓక్లండ్‌లో 5-1తో గెలిచినప్పుడు మాకు బాగా పొద్దుపోయింది. నేను నిద్రలో ఉన్నాను. "అమ్మాయ్, గెలిచారు!" అని మెట్ల దగ్గర నుంచి కేక వినపడింది. వచ్చిన నాలుగు నెలల్లో ఆయన గొంతు పెంచగా వినడం అదే మొదలు. లేచి వెళ్ళి పాలు వెచ్చబెట్టి ఇచ్చాను.

ఆయన తిరుగు ప్రయాణం సెప్టెంబరు 27. ఇంకో ఆర్నెల్లు పొడిగిద్దామంటే ఒప్పుకోలేదు. నవంబరులో అత్తయ్యగారి సంవత్సరీకం, అది అక్కడే జరగాలన్నారు. కాదనలేకపోయాం. 22వ తేదీకి జట్టు 120 ఆటలు ఓడింది, 1962లో న్యూయార్క్ మెట్స్ ఓడినన్ని. ఇంకొక్కటి ఓడితే చరిత్రకెక్కుతారు. మంగళవారం సొంత మైదానంలో ఏంజెల్స్‌తో ఆట. నలుగురం కారులో వెళ్ళాం. మావయ్యగారు మంకీ క్యాప్ పెట్టుకున్నారు.

చాలామంది ఆ ఓటమి చూడ్డానికే వచ్చినట్టున్నారు. యజమాని జట్టుని అమ్మేయాలని అరుస్తున్నారు. "వీళ్ళు ఎవరి తరఫురా?" అని మావయ్యగారు మా వాణ్ణి అడిగారు. వాడు జవాబు చెప్పలేదు. నాకూ ఒళ్ళు మండింది. ఓడడం ఎవరికి సరదా? ఏడు ఇన్నింగ్స్ అయ్యేసరికి 0-2. ఎనిమిదో దాంట్లో మూడు పరుగులొచ్చాయి. 3-2తో గెలిచారు. మా వెనకతను "దీనికోసమా ఇంత దూరం వచ్చింది" అని విసుక్కున్నాడు. మావయ్యగారు లేచి నిలబడి, పక్కవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

బుధవారం పది ఇన్నింగ్స్ దాకా లాగి 4-3. గురువారం 7-0. డైరీలో వరసగా మూడు 'గె'లు. సూట్‌కేసు తూచడం మానేసి ముగ్గురూ టీవీ దగ్గరే. ఆవకాయ సీసాలు తేవడమే తప్ప తీసుకెళ్ళడం ఉండదు కాబట్టి సర్దడం నాకేమంత పని కాలేదు. అత్తయ్యగారి ఫోటో మాత్రం ఆయనే చీరలాంటి తువ్వాలులో చుట్టి చేతిసంచిలో పెట్టుకున్నారు.

శుక్రవారం సాయంత్రం విమానం ఎక్కించి వచ్చాం. ఆ రాత్రే డెట్రాయిట్‌లో 4-1తో ఓడారు. 121. "తాతయ్య దిగేదాకా చెప్పొద్దమ్మా" అన్నాడు మా వాడు, కళ్ళు తుడుచుకుంటూ.

ఆదివారం మాకు తెల్లవారుజామున ఫోన్. ఇల్లు చేరారు. పక్కింటివాళ్ళు తాళం తీసి ఊడ్చి పెట్టారట. ఆ సంగతి రెండు ముక్కల్లో చెప్పి, "శుక్రవారం ఏమైందిరా?" అన్నారు.

"ఓడారు తాతయ్యా. నిన్న గెలిచారు."

"సరే, రాసుకుంటాను. మళ్ళీ ఎప్పుడు?"

"ఇవాళే. ఇదే ఆఖరు. తర్వాత మళ్ళీ మార్చిలోనే."

అటునుంచి కాసేపు మాట లేదు. ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. మా వాడు నా వైపు చూసి, "ఫుట్‌బాల్ ఉంది తాతయ్యా. బేర్స్ అని మా ఊరి జట్టే. ఇవాళ నీకు రాత్రి పదిన్నరకి" అన్నాడు.

"వాళ్ళయినా బాగా ఆడతారా?"

"వాళ్ళూ అంతంతమాత్రమే."

"అయితే ఉండు, కళ్ళజోడు తెచ్చుకుంటాను. పేరు సరిగ్గా చెప్పు, రాసుకోవాలి" అన్నారు.