చదవకుండా మూసిన మాట

ఎర్రుపాలెంలో మేము పిల్లలకు చదువు చెప్పే మదరసాలో ఒక కంప్యూటర్ ఉంది. గల్ఫ్‌లో ఉద్యోగం చేసే ఒక సోదరుడు సెలవులకు వచ్చినప్పుడు తన పాతదాన్ని మదరసాకు ఇచ్చి వెళ్లారు. పిల్లల హాజరు, ఎవరి సబఖ్ ఎంతవరకు వచ్చిందో చూపే పట్టిక, జకాత్, సదఖా రసీదుల లెక్కలు, మూడేళ్లుగా మేము తెలుగులో రాసుకుంటున్న పాఠాలు అన్నీ అందులోనే ఉంటాయి. చదువుకునే రోజుల్లో కలం, కాగితం తప్ప వేరే సాధనం ఎరుగని మేము యాభై దాటిన తరువాత మౌస్ పట్టడం నేర్చుకున్నాము. నేర్చినది కొంచెం, దాని మీద మాకున్న నమ్మకం ఎక్కువ. ఇక్కడ చెప్పబోయే తప్పు అక్కడే మొదలైంది.

అది షాబాన్ నెల. రమజాన్ రాకముందే సంవత్సరపు లెక్కలు కమిటీ ముందు చదివి వినిపించడం మా మదరసా ఆనవాయితీ. ఒకరోజు అసర్ తరువాత పని ముగించి కంప్యూటర్ ఆపబోతే అది ఆగలేదు. ఏదో అప్‌డేట్ జరుగుతోందని తెర మీద అక్షరాలు, వాటి కింద శాతం చూపే ఒక అంకె కనిపించాయి. ఆ అంకె ముప్పై దగ్గర నిలిచిపోయింది. చాలాసేపు చూశాము. మగ్రిబ్ అజాన్ వినిపించింది. యంత్రం బిగుసుకుపోయిందనుకుని, మీట గట్టిగా నొక్కి పట్టి, గోడ మీది స్విచ్చి కూడా ఆపేసి నమాజుకు వెళ్లాము. ఆపవద్దని ఆ తెర మీదనే రాసి ఉన్నదని తరువాత తెలిసింది.

మరునాడు ఉదయం కంప్యూటర్ తెరుచుకుంది. మూలన ఇంగ్లీషులో చిన్న సందేశం ఒకటి మెరిసింది. అడ్డుగా ఉన్నదని దాన్ని మూసివేశాము. అప్పుడు చూస్తే తెర మీద మేము పెట్టుకున్న కాబా చిత్రం లేదు. హాజరు పట్టిక లేదు, లెక్కలు లేవు, మూడేళ్ల పాఠాలు లేవు. తుడిచి పెట్టినట్టు ఉంది.

క్రితం రోజు మధ్యాహ్నం దాని ముందు కూర్చున్నవాడు ఒక్కడే. ఇంటర్మీడియట్ చదివే ఒక అబ్బాయి. చిన్ననాడు మా దగ్గరనే ఖాయిదా మొదలుపెట్టినవాడు. కళాశాల అయ్యాక వచ్చి హాజరు ఎక్కించి పోతుంటాడు. గది తాళం చెవి రెండవది అతని దగ్గర ఉండేది. ఆ సాయంత్రం అతడు రాగానే, పిల్లలందరూ పాఠం వల్లిస్తుండగానే అడిగాము.

"నిన్న దీన్ని ఏం చేశావు?"

"ఏమీ చేయలేదు హజ్రత్. హాజరు ఎక్కించి వెళ్లాను."

"మరి ఫైళ్లు ఎక్కడికి పోయాయి? కాళ్లు వచ్చి నడిచి వెళ్లాయా?"

పిల్లల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. అతడు తల వంచుకున్నాడు.

ఆ రాత్రి ఇషా తరువాత రసీదు పుస్తకాలు ముందు వేసుకుని కూర్చున్నాము. 112 రసీదులు ఒక్కొక్కటిగా మళ్లీ ఎక్కించి, సేవ్ చేసి, అర్ధరాత్రి దాటాక కంప్యూటర్ ఆపి పడుకున్నాము. తెల్లవారి చూస్తే అవి కూడా లేవు. ఒక్క రసీదూ మిగలలేదు. మొదటి రోజు అనుమానం రెండవ రోజు మా మనసులో తీర్పుగా మారింది. రెండవ తాళం చెవి ఎవరి దగ్గర ఉన్నదో మాకు తెలుసు కదా! సాయంత్రం అతణ్ణి పిలిచి, "తాళం చెవి ఇచ్చెయ్యి" అన్నాము. అతడు మారు మాట లేకుండా దాన్ని బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మరి రాలేదు.

రెండు రోజుల తరువాత అతని తల్లి వచ్చి వాకిట నిలబడింది. కుట్టుపని చేసుకుని బిడ్డను చదివించుకునే మనిషి. "వాడు మీ చేతుల మీదుగా అక్షరాలు నేర్చుకున్నాడు హజ్రత్" అన్నది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. మేము కూడా ఏమీ అనలేదు.

కమిటీ కూర్చునే రోజు దగ్గర పడింది. మధిరలో కంప్యూటర్లు బాగుచేసే మా పాత శిష్యుడు ఒకడున్నాడు. ఫోన్ చేస్తే, "నేను వచ్చేదాకా దాన్ని ముట్టుకోకండి హజ్రత్. ఏమీ ఎక్కించకండి, ఏమీ చెరపకండి" అన్నాడు. సాయంత్రం వచ్చి కూర్చుని ముందుగా ఒకే ప్రశ్న వేశాడు.

"పాడవక ముందు ఏమి మారింది?"

"ఏమీ మారలేదు" అన్నాము.

"ఏదో మారకుండా నడిచే యంత్రం ఆగదు హజ్రత్" అంటూ అప్‌డేట్ల చరిత్ర తెరిచాడు. ఆ సాయంత్రపు తేదీ అక్కడ ఉంది. అప్‌డేట్ పూర్తి కాలేదని కూడా ఉంది. ఆ తరువాత సి డ్రైవ్‌లో యూజర్స్ అనే ఫోల్డర్ తెరిచాడు. అందులో మదరసా పేరుతో ఒక ఫోల్డర్, దాని పక్కనే టెంప్ అనే పేరుతో మరొకటి కనిపించాయి. మదరసా ఫోల్డర్‌లో మా లెక్కలు, హాజరు, మూడేళ్ల పాఠాలు అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అల్‌హమ్దులిల్లాహ్ అన్నాము గాని, మా గొంతు మాకే వినిపించలేదు.

జరిగినది ఇది. అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు తీసేయడంతో మా ఖాతా వివరాలున్న ఫైలు దెబ్బతిన్నది. అటువంటప్పుడు కంప్యూటర్ మనిషిని బయట నిలబెట్టదు. తాత్కాలిక ఖాతా ఒకటి తెరిచి లోపలికి రానిస్తుంది. అది ముసాఫిర్‌ఖానాలో గది వంటిది. మన సామాను మన ఇంట్లో భద్రంగానే ఉంటుంది. మనం మాత్రం వేరే గదిలో నిలబడి, ఇల్లు దోచుకుపోయారని గగ్గోలు పెడతాము. ఆ గదిలో రాత్రంతా ఏం రాసి దాచినా, తలుపు మూసి వెళ్లగానే ఊడ్చివేస్తారు. మా 112 రసీదులు పోయినది అలాగే. వాటిని తిరిగి తీసే దారి లేదన్నాడు.

"మీరు తాత్కాలిక ఖాతాలో ఉన్నారు, ఇక్కడ దాచినవి నిలవవు అని తెర మీద సందేశం వచ్చి ఉండాలే, చూడలేదా?" అని అడిగాడు. చూశాము. చదవకుండా మూశాము. చదవడం నేర్పడమే వృత్తిగా బతికిన మనిషిమి.

అతడు ఫైళ్లన్నీ ముందుగా ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. రెండు మూడుసార్లు కంప్యూటర్ ఆపి తెరిచి చూశాడు. ఒక్కొక్కసారి అంతమాత్రానికే పాత ఖాతా తిరిగి వస్తుందట. మాకు రాలేదు. కొత్త ఖాతా ఒకటి తెరిచి అన్నీ అందులోకి చేర్చాడు. గంటన్నరలో పని ముగిసింది.

హదీసు శాస్త్రం చదివే రోజుల్లో మా ఉస్తాదులు ఒక అలవాటు నేర్పారు. ఉల్లేఖనంలో లోపం కనిపిస్తే ఉల్లేఖకుల గొలుసును ఒక చివర నుండి పట్టుకుని, ఒక్కొక్క పేరూ పరిశీలిస్తూ, ఏ లంకె దగ్గర తెగిందో చూడాలి. ఒక మనిషిని బలహీనుడని చెప్పడానికి కూడా ఆధారం కావాలి. వార్తను విచారించి తెలుసుకోవాలనీ, అనుమానాలకు దూరంగా ఉండాలనీ సూరె హుజురాత్‌లో ఉన్న ఆదేశాలను ఏటేటా పిల్లలకు బోధిస్తున్నాము. మా శిష్యుడు కంప్యూటర్ దగ్గర చేసినది ఆ గొలుసు పట్టుకుని వెనక్కి నడవడమే. మేము చేసినది దగ్గరలో ఉన్న మనిషి మెడ పట్టుకోవడం.

నింద పిల్లల ఎదుట వేశాము కనుక క్షమాపణ కూడా వారి ఎదుటనే అడగాలి. మరునాడు ఫజ్ర్ తరువాత ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి, సాయంత్రం ఒక్కసారి మదరసాకు రమ్మని తల్లినీ బిడ్డనూ అడిగాము. వచ్చారు. పాఠం ఆపించి, "ఇతడు ఏ తప్పూ చేయలేదు. తప్పు మాది. యంత్రాన్ని మధ్యలో ఆపింది మేము, సందేశం చదవనిది మేము, నింద వేసినది మేము" అని చెప్పాము. ఆ రోజు నవ్విన పిల్లలు ఈసారి నవ్వలేదు. ఆ అబ్బాయి కాసేపు ఊరకుండి, "ఆ మెసేజ్ నాకు చూపించి ఉంటే చదివి చెప్పేవాణ్ణి హజ్రత్" అన్నాడు.

ఆ మాట మీదనే ఈ వ్యాసం రాయాలనిపించింది. మన ఇళ్లలో ఇప్పుడు కంప్యూటరో, ఫోనో లేని ఇల్లు అరుదు. అప్‌డేట్ తరువాత ఏదో ఒకటి ఆగిపోవడం, ఇంట్లో పిల్లవాణ్ణి "నువ్వే ఏదో నొక్కావు" అని కసరడం కూడా అరుదు కాదు. మా శిష్యుడూ, ఆ అబ్బాయీ కలిసి చెప్పగా మేము ఒక కాగితం మీద రాసి గోడకు అతికించుకున్న సంగతులు పాఠకులకు కూడా ఉపయోగపడతాయని ఇక్కడ ఇస్తున్నాము.

అప్‌డేట్ జరిగేటప్పుడు అంకె కదలకపోయినా తొందరపడి కరెంటు తీయరాదు. పాత యంత్రాల్లో అది గంటలు పట్టవచ్చు. మా వైపు వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కనుక యూపీఎస్ లేనివారు కరెంటు నిలకడగా ఉండే వేళ చూసుకోవడం మంచిది. విండోస్‌లో అప్‌డేట్‌ను కొన్ని రోజులు వాయిదా వేసే వీలు ఉంది.

తెరుచుకున్నాక ఫైళ్లు కనిపించకపోతే కొత్తగా ఏమీ ఎక్కించరాదు. యూజర్స్ ఫోల్డర్‌లో చూడాలి. ప్రింటరో, శబ్దమో మాత్రమే ఆగిపోతే తరచుగా లోపం ఆ పరికరపు డ్రైవర్‌లో ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం పేరు మీద రోల్ బ్యాక్ డ్రైవర్ అనేది వెలిగి ఉంటే పాత డ్రైవర్‌కు తిరిగి వెళ్లవచ్చు. అప్‌డేటే కారణమని తేలితే, అప్‌డేట్ హిస్టరీలో నుండి చాలా అప్‌డేట్లను తొలగించే అవకాశం ఉంది. విండోస్ ఒక పెద్ద రూపం నుండి మరొక రూపానికి మారిన పక్షంలో, మామూలుగా 10 రోజుల లోపు వెనక్కి వెళ్లనిస్తుంది. గడువు దాటితే ఆ దారి మూసుకుంటుంది. అసలు తెరుచుకోకపోతే సేఫ్ మోడ్‌లో తెరిచి చూడాలి. అందులో అత్యవసరమైన భాగాలు మాత్రమే నడుస్తాయి. అక్కడ సరిగా నడిస్తే లోపం తరువాత చేరిన వాటిలో ఉన్నదని తెలుస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది నయం చేసిందో, ఏది చెడగొట్టిందో చెప్పలేము.

అన్నింటికన్నా ముఖ్యం, ఒకే చోట ఉన్న ప్రతి, లేని ప్రతితో సమానం. ఈ మాట పెద్ద సంస్థల విషయంలో కూడా రుజువైంది. 2018 అక్టోబరులో విండోస్ 10కు వచ్చిన ఒక పెద్ద అప్‌డేట్ కొందరి పత్రాలను, ఫొటోలను నిజంగానే చెరిపివేసింది. మైక్రోసాఫ్ట్ కొద్ది రోజుల్లోనే దాని పంపిణీ ఆపి, సరిచేసి, నవంబరులో మళ్లీ విడుదల చేసింది. 2024 జులై 19 శుక్రవారం క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ తన రక్షణ సాఫ్ట్‌వేర్‌కు పంపిన అప్‌డేట్‌లో లోపం వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, ప్రపంచమంతటా సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయి. అది ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ కాకపోయినా జరిగిన తీరు అటువంటిదే. ఆ రోజు మన హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేతితో రాసి ఇచ్చారు. కలం, కాగితం మళ్లీ అక్కరకు వచ్చాయి. మా 112 రసీదులు కూడా కాగితపు పుస్తకంలో ఉండబట్టే మూడవసారి ఎక్కించుకోగలిగాము.

ఇది చదివి అప్‌డేట్లు అసలే వద్దనుకుంటే అది మరొక తప్పు. 2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచాన్ని చుట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ వైరస్ ప్రవేశించే కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ అదే సంవత్సరం మార్చిలోనే వచ్చి ఉంది. వేసుకోనివారి తలుపులే అది తట్టింది. విండోస్ 10కు మామూలు ఉచిత సేవ 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాన్ని వాడేవారు తెలిసినవారిని అడిగి తగిన ఏర్పాటు చేసుకోవాలి. అప్‌డేట్ వేసుకోవాలి, అంతకు ముందు ప్రతి తీసి పెట్టుకోవాలి. దైవప్రవక్త (స) ఒంటె కాలికి కట్టు వేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని నేర్పిన సంగతి మనకు కొత్త కాదు.

మా మదరసా లెక్కలు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి అలమరలోని పెన్‌డ్రైవ్‌లో, ఒకటి కమిటీ పెద్ద ఇంట్లో. తెర మీద ఇంగ్లీషులో ఏ మాట వచ్చినా మూయకుండా, చదవగలిగినవారు వచ్చేదాకా అలాగే ఉంచుతాము.

ఆ అబ్బాయి మళ్లీ వస్తున్నాడు. మునుపటిలాగే హాజరు ఎక్కిస్తాడు, మేము పిలిస్తే తెర మీద మాటలు చదివి అర్థం చెబుతాడు. తాళం చెవి మాత్రం తీసుకోలేదు. రెండుసార్లు ఇవ్వబోయాము. "మీ దగ్గరే ఉండనివ్వండి హజ్రత్" అంటున్నాడు. అది బల్ల సొరుగులో ఉంది. అడిగిన రోజు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాము.