బావగారి గ్రావెలు లెక్క

మా బావగారు ఎప్పుడొచ్చినా కాఫీ తాగేటంతసేపూ ఊరి కబుర్లు చెప్పి, గ్లాసు కింద పెట్టాకగాని అసలు సంగతికి రారు. 2018 వేసవిలో ఓనాడు రుషికొండలో మా వసారాలో కూర్చుని, ఎదుటి కొండకేసి చూస్తూ, "ఏమోయ్, ఇంత ఎర్రమట్టి ఊరికే పడుంటే మనసెలా ఒప్పుతుందోయ్!" అన్నారు.

అది సముద్రపు ఒడ్డు, తీరప్రాంత నిబంధనలున్నాయి అని నేను అందుకోబోతే నవ్వేశారు. (2021లో ఆ కొండనే పర్యాటక భవనాల కోసం తవ్వితే వ్యవహారం సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. అది వేరే కథ.) బావగారి కన్ను దానిమీద కాదుట, ఆనందపురం అవతల కొండవాలులో తనకున్న రెండెకరాలమీద. "ముప్ఫై ఏళ్ళు రోడ్ల ఓవర్సీరువి. ప్లాను గీసిపెట్టు" అన్నారు.

లెక్క జేబులోనే ఉంది. నూరు మీటర్ల పొడుగు, ఎనభై వెడల్పు, ఆరు లోతు: 48,000 ఘనపు మీటర్లు.

చూడడానికి ఇద్దరం వెళ్ళాం. సరుకు మంచిదే, కాదనను. మన తూర్పు కనుమల రాయి పేరు ఖోండలైటు. 1902లో వాకర్ అనే శాస్త్రజ్ఞుడు ఖోండుల పేరుమీదుగా పెట్టాడు. అది యుగాలుగా ఎండకూ వానకూ కుళ్ళి ఎర్రబడితే వచ్చేదే ఈ గ్రావెలు. గులకతోపాటు కాస్త జిగురు మట్టి ఉంటుంది గనక, నీళ్ళు చల్లి రోలరు తిప్పితే రోడ్డు కింద బిగిసి కూర్చుంటుంది. ఆ గుణమే మనల్ని మోసం చేస్తుంది. ఎండలో గోడలా నిటారుగా నిలబడుతుంది. నాలుగు వానలు పడ్డాక చెప్పాపెట్టకుండా జారుతుంది.

రాత్రి కూర్చుని నా లెక్క వేశాను. చుట్టూ పొరుగువాళ్ళ గట్టు కూలకుండా ఏడున్నర మీటర్లు వదిలాను. 1961 నాటి గనుల నిబంధనల్లో ఇలాంటి మెత్తని నేలకు చెప్పినట్టు, మెట్టుకు మీటరున్నర ఎత్తు, అంతే వెడల్పు. నాలుగు మెట్లు దిగేసరికి తేలింది 29,000 పైచిలుకు. అదీ దారికీ, నీటిగుంటకీ చోటు తియ్యకముందు!

బావగారి మొహం చిన్నబోయింది. "ఆరు మీటర్లు దాటం, మందు పేల్చం, యాభైమంది కూలీలుండరు. అలాంటి తవ్వకానికి 1952 గనుల చట్టంలో మినహాయింపుందిటోయ్" అన్నారు. బాగానే కనుక్కున్నారు. కాని మినహాయింపు కాగితం చూపిస్తే మట్టి జారకుండా ఆగుతుందా? పైగా 2012లో సుప్రీంకోర్టు తీర్పిచ్చాక, ఐదు హెక్టార్లలోపు తవ్వకానికైనా పర్యావరణ అనుమతి తప్పలేదు. సర్వే, లీజు, సీనరేజి సరేసరి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ స్థలం కింది గెడ్డ ఒక ఎత్తు. అది పోయి ఊరి చెరువులో కలుస్తుంది. అక్కడే బట్టలుతుకుతారు, పశువులు నీళ్ళు తాగుతాయి. తవ్విన కొండ మీంచి వాన దిగితే బురదంతా ఆ చెరువుకే. అందుకని గొయ్యి చుట్టూ కాలవ, ఆ నీరు నిలిచి తేరడానికి గుంట, మళ్ళీ కప్పడానికి పైమట్టి విడిగా కుప్ప, ఇవి ముందు చెయ్యాలి, పొక్లెయిను తర్వాత అన్నాను.

"నువ్వు తవ్వొద్దనే చెబుతున్నావు" అని లేచిపోయారు.

వంటింట్లో అక్కయ్య నన్ను నిలబెట్టింది. చేతులకు గాజుగాజులే ఉన్నాయి. పొక్లెయిను బయానాకి బంగారువి బ్యాంకులో పెట్టారుట. "నేను చెప్పానని ఆయనతో అనకురా" అంది. ఆ సంగతి ముందే తెలిస్తే నా లెక్క మెత్తబడేదా? ఏమో, ఓవర్సీరు బుద్ధి ఎంత పాడుదో నాకే తెలుసు.

మూడు నెలలు మాటల్లేవు. వానాకాలం నడుమ ఓనాడు ఫోను చేసి, "ఒకచోటికి రా" అన్నారు. ఎవరిదో గ్రావెలు గొయ్యి. నిటారుగా కోసిన గోడ సగం విరిగి బాటకడ్డంగా పడి ఉంది. ఆదివారం కాబట్టి కింద ఎవరూ లేరు. పల్లంలో పొలంగట్లు కనబడకుండా ఎర్రబురద.

బావగారు చాలాసేపు ఏమీ అనలేదు. "టేపు తెచ్చావా?" అన్నారు ఆఖరికి.

సంచీలోనే ఉంది. అక్కణ్ణించి తిన్నగా మా రెండెకరాలకి పోయి, గెడ్డవైపు కొస ఆయన పట్టుకుంటే నేను నడిచాను. నీటిగుంటకీ బండ్ల దారికీ చోటు తీస్తే లెక్క ఇంకా తగ్గింది. బయానాలో సగమే తిరిగొస్తుందిట. ఇంటికి వెళ్ళి అన్నాలు తింటున్నంతసేపూ అక్కయ్య వడ్డిస్తూనే ఉంది. ఆవిడ చేతులకేసి మాత్రం ఇద్దరమూ చూడలేదు.