అవ్వ పాడని పద్యం

“నమ్మకపోతే నమ్మద్దు లేరా. అడగనన్నా అడుగు. నోరు తెరవకుండా పక్కన నిలబడుకోని ఫోను చూసేదేందిరా?”

కటారుపల్లిలో వేమన సమాధి మందిరం ముందు, కొట్టిన కొబ్బరికాయ చిప్ప చేతిలో పట్టుకొని ఒక అవ్వ మనవణ్ని తిడుతున్న తిట్లివి. ఆమెకు డెబ్బై దాటి ఉంటాయి. మనవడు బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడట. సెలవులకు వచ్చి, అవ్వ అడిగితే బండి మీద ఎక్కించుకొని తీసుకొచ్చాడు. గడప దగ్గర ఆగిపోయాడు. లోపలికి రానందుకు ఆమె ఏమీ అనలేదు. ఎందుకు రావడం లేదో చెప్పనందుకే ఇంత కోపం.

కదిరిలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరైన మిత్రుడొకరు ఎన్నాళ్లుగానో పిలుస్తుంటే వెళ్లాను. నరసింహస్వామి గుడి, తిమ్మమ్మ మర్రిమాను, చివరికి గాండ్లపెంట మండలంలోని ఈ ఊరు. ఆయన వేసిన వరుస అది. మొదటి రెండింటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఈ అవ్వ దగ్గర ఆగిపోయాను.

రాళ్లకు మొక్కడమెందుకని అడిగిన మనిషికి ఇక్కడ విగ్రహం ఉంది, కర్పూర హారతి ఉంది. పూజ చేసేది వేమన వంశం వాళ్లమని చెప్పే రెడ్లే. దారిలో మా మాస్టారు ఈ సంగతి చెబుతూ నవ్వారు. చదువుకున్నవాళ్లందరూ ఇక్కడ ఒకసారి నవ్వి వెళ్లిపోతారు. ఆ నవ్వు నాకు కష్టంగా తోచింది. అలా నవ్వేవాళ్లలో చాలామందికి వేమన పద్యాలు పది పన్నెండుకు మించి రావు. అవి కూడా చిన్న తరగతుల వాచకాల్లోవి.

అవ్వ బడి మొహం చూడలేదు. మాస్టారు అడిగితే మెట్టు మీద కూర్చొని, కొబ్బరిచిప్ప మీద వేళ్లతో తాళం వేస్తూ పాడింది. ఆ వేళ్లు చెనక్కాయలు వలిచీ వలిచీ కొనల దగ్గర మొద్దుబారిపోయాయి. తాళం మాత్రం తప్పలేదు. రాతి బసవన్న కనబడితే దండం పెట్టి, బతికున్న ఎద్దును బాదే మనిషిని తిట్టిన పద్యం పాడింది. పితరుల పేరు చెప్పి కాకులకు పిండాలు పెట్టేవాళ్లను ఈసడించిన పద్యం పాడింది. మాలవాణ్ని తాకి వచ్చి నీళ్లలో మునిగేవాడి గురించిన పద్యం పాడింది. విగ్రహానికి ఎదురుగా కూర్చొని, విగ్రహాలను నిలదీసే పద్యాలను భక్తిగా, గొంతెత్తి పాడింది. హారతికి వచ్చినవాళ్లు ఆగి విన్నారు. మనసు నొచ్చుకున్నట్టు ఎవరూ కనిపించలేదు.

మాస్టారు ఒక పద్యం ఎత్తుకుని “ఇది వచ్చునా అవ్వా?” అని అడిగారు. ఆడవాళ్లను చులకన చేసే పద్యం. అలాంటివి వేమన పేరు మీద చాలానే ఉన్నాయి.

“వచ్చు. నేను పాడను.”

“ఏం?”

“ఆడదాన్ని అట్ల అనగూడదు. సామి తప్పు చెప్పినాడు.”

అంతవరకు గడప అవతల ఉన్న మనవడు అప్పుడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. “సామి తప్పు చెప్తాడా జేజీ?”

“చెప్పడా? మనిషి కాదా?”

“మరి తప్పు చెప్పినోడికి ఇన్నేండ్లూ ఎందుకు మొక్కుతాండావు?”

వచ్చినప్పటి నుంచీ ఆ పిల్లాడు అడిగిన మొదటి ప్రశ్నలు ఇవే. అవ్వ అతన్ని కూర్చోమంది.

“మీ తాత పోయినప్పుడు దినాలకు ఊరంతా పిలిచి అన్నం పెట్టాలనిరి. ఆ ఏడు చెనక్కాయ ఎండిపాయ. ఇంట్లో గింజల్లేవు. అప్పు చేసైనా పెట్టాలనిరి పెద్దోళ్లు. పెట్టకుంటే తాత కాకై తిరుగుతాడనిరి. నేను అందరి ముందరా కాకి పద్యం పాడితి. అప్పు చెయ్యలా. ఆ పొద్దు నా తోడబుట్టినోళ్లు గూడా నా పక్కన నిలబడల్యా. ఈయన నిలబడె.”

“అయితే పిండం పెట్టల్యా?”

“పెడితి. ఉన్నంతలో ఒక ముద్ద.”

“నమ్మనిదానివి ఎందుకు పెడితివి?”

అవ్వ కాసేపు ఆలోచించింది. “పెట్టకపోతే నాకే కూడు దిగల్యారా” అంది.

ఆ మాటలో పొంతన లేదని ఎవరైనా అనవచ్చు. నాకు మాత్రం అందులో పూర్తి నిజాయితీ కనిపించింది. తనకు అందిన ఆచారంలో ఏది భయమో, ఏది ప్రేమో ఆమె చేత్తో చెరిగి వేరు చేసుకుంది. భయాన్ని వదిలేసింది, ముద్దను ఉంచుకుంది. ఆ పని ఆమెకు ఏ గురువూ చేసిపెట్టలేదు. వేమన దగ్గర నేర్చుకున్నదాన్ని చివరికి వేమన మీదే ప్రయోగించింది.

మన ఇళ్లలో ఈ చెరగడం ఆగిపోతోందని నా బాధ. మా బంధువుల ఇళ్లలోనే చూస్తున్నాను. వ్రతం రోజు కొడుకు తన గదిలో తలుపు వేసుకుంటాడు. తల్లి ఏమీ అనదు. ప్రసాదం గిన్నె తలుపు దగ్గర పెట్టి వెళుతుంది. ఇద్దరూ ఎంతో మర్యాదగా ఉంటారు. తల్లి నమ్మకం ఆమెకు అత్తగారి దగ్గర నుంచి వచ్చింది, కొడుకు అపనమ్మకం హాస్టల్లో స్నేహితుల దగ్గర నుంచి వచ్చింది. ఏదీ ఎవరూ కూర్చొని పరీక్షించుకున్నది కాదు. బయటికి వెళితే ఇంకా ఘోరం. ప్రశ్న అడిగితే భక్తుడి మనోభావం గాయపడుతుంది, జవాబు వినడానికి హేతువాదికి తీరిక ఉండదు.

వేమన దేవుడు లేడన్నవాడు కాదు. గుడిలో వెతకొద్దు, లోపల చూడమన్న యోగి. పండితుల్లో ఎక్కువమంది ఆయన్ను 17వ శతాబ్దం వాడంటారు. పెద్ద కవుల వరుసలో ఆయనకు చాలాకాలం చోటు దక్కలేదు. ఆయన పద్యాలను ఇలాంటి అవ్వల నోళ్లూ, ఊరూరా తిరిగే జంగాల, దాసరుల నోళ్లూ బతికించాయి. సి.పి.బ్రౌన్ తాళపత్రాలు పోగుచేసి 1829లో 693 పద్యాలను, 1839లో 1164 పద్యాలను అచ్చు వేయించాడు. వాటిలో ఏవి వేమనవో, ఏవి జనం కలిపినవో తేల్చడం ఎవరి తరమూ కాలేదు. ఆడవాళ్లను తిట్టిన పద్యాలు కూడా ఆయనవి కావేమో. అవ్వకు ఆ సాకు అవసరం లేకపోయింది. ఆయనవే అయినా తప్పేనంది.

ఇదే అనంతపురం సీమలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1928లో ఆంధ్ర విశ్వవిద్యాలయం తరఫున వేమన మీద ఉపన్యాసాలిచ్చారు. సంస్కృతం, సంగీతం నిండా తెలిసిన శ్రీవైష్ణవుడాయన. విగ్రహాలను నిరసించిన కవిని అంత ఆప్యాయంగా, అంత నిశితంగా తూచినవారు తక్కువ. అదే మనిషి తరువాత తిరుపతి చేరి, వేంకటేశ్వరుని మీద అన్నమయ్య రాసిన సంకీర్తనలను పరిష్కరించి, స్వరాలు కూర్చారు. వేమనను చదివినందుకు ఆయన భక్తి తగ్గలేదు, భక్తి ఉన్నందుకు వేమన మాటను మెత్తబరచలేదు. అలాంటి చదువు మనకు ఒకప్పుడు ఉండేది.

వేమనను గుడిలో పెట్టడం వల్ల ఆయనకు పెద్దగా హాని జరగలేదని కటారుపల్లి చూశాక అనుకుంటున్నాను. హాని బడిలో జరిగింది. నేను చదివిన వాచకాల్లో మంచివాళ్లూ చెడ్డవాళ్లూ, కోపమూ శాంతమూ, దానమూ లోభమూ గురించిన పద్యాలే ఉండేవి. పిండాల పద్యం లేదు, అంటరానితనం మీద పద్యం లేదు, రాతి బసవన్న లేడు. బెంగళూరు పిల్లాడు కూడా కాకి పద్యం తానెప్పుడూ చదవలేదన్నాడు. అవ్వ చేత రెండుసార్లు చెప్పించుకొని ఫోనులో టైపు చేసుకున్నాడు. ఒక మాటకు అర్థం మాస్టారు చెబితే, అది కాదని అవ్వ వాదించింది.

ఈ పద్యాలను పదో తరగతిలో పెట్టాలి. పెడితే ఏదో ఒక పిల్లాడు ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, మొన్న తాత తద్దినానికి కాకులను ఎందుకు పిలిచామని నాన్నను అడుగుతాడు. ఆ నాన్న జవాబు వెతుక్కోవాలి. దొరికితే పిల్లాడికి చెప్పాలి. దొరక్కపోతే, తాత అంటే తనకు ఎంత ఇష్టమో అదైనా చెప్పాలి.