ఆటా, మందా?

నేను అమెరికాలో రిక్రియేషన్ థెరపీలో మాస్టర్స్ చేస్తుండగా, ఏర్పేడులో మా అవ్వకు పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి స్వాధీనం తప్పింది.

ఆటలు, పాటలు, తోటపని, ఏదైనా సరే, రోగికి ఇష్టమైనదాన్ని పట్టుకుని కోలుకోవడానికి సాయపడే చదువు నాది. సర్టిఫికేషన్ పరీక్ష రాయాలంటే అక్కడ కనీసం 14 వారాలు, 560 గంటలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. అది మొదలయ్యేలోపు సెలవులకు ఊరొచ్చాను.

అప్పటికి అవ్వ వేళ్లు కొంచెం కదులుతున్నాయి. అటక మీది వామనగుంటల పీట దించాను. 14 గుంటలు, గుప్పెళ్లకొద్దీ చింతగింజలు. మొదటిరోజు అవ్వ తొండి చేసి మరీ గెలిచింది. రెండోరోజు నేను నోట్‌బుక్ తీశాను. ఎడమచేత్తో ఎన్ని గింజలు తీసింది, ఎంతసేపట్లో తీసింది, అన్నీ రాశాను. మూడోరోజు పీట పక్కకు నెట్టేసింది.

“ఏమే, ఇది ఆటా, మందా?”

తనంతట తాను ఇష్టపడి ఆడితేనే ఆట అని క్లాసులో చదివాను, పరీక్షలో రాశాను కూడా. అవ్వ దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను.

నోట్‌బుక్ మూసి, ఎదురింటి పెద్దమ్మను పిలుచుకొచ్చాను. ఇద్దరూ పోట్లాడుకుంటూ పొద్దుగూకేదాకా ఆడారు. అవ్వ ఏ చెయ్యి వాడుతోందో చూడలేదని అబద్ధం చెప్పను. రాసుకోలేదు, అంతే.