యెరూషలేము నూనెబుడ్లు

యెరూషలేము పాతపట్టణంలో పరిశుద్ధ సమాధి మందిరం గడప దాటగానే ఎర్రని పలకరాయి ఒకటి కనబడుతుంది. యేసు దేహానికి పరిమళద్రవ్యాలు పూసిన చోటు అదేనని నమ్మకం. దేశదేశాల ఆడవాళ్లు మోకరించి దానిమీద నూనె పోస్తారు. చేతిరుమాలుతో అద్ది, మడిచి, సంచిలో దాచుకుంటారు. ఇప్పుడున్న రాయి 1810లో వేసినదే. భక్తికి ఆ లెక్క పట్టదు. ఇంటివద్ద కదలలేని ముసలమ్మ వుంటుంది. ఆవిడకు ఏదో ఒకటి పట్టుకుపోవాలి. మనవాళ్లు కాశీనుంచి గంగచెంబు తేవడం లేదూ?

క్రీ. శ. 570 ప్రాంతంలో ఇటలీలోని పియాచెంజానుంచి వచ్చిన యాత్రికుడొకడు ఆనాటి ముచ్చట రాసిపెట్టాడు. నూనెబుడ్డి మూతికి శిలువకొయ్య తాకించగానే నూనె బుసబుస పొంగేదట. చటుక్కున మూత పెట్టకపోతే అంతా ఒలికిపోయేదట!

అటువంటి నూనెకోసమే చేశారనుకునే గాజుబుడ్లు లండను, న్యూయార్కు మ్యూజియములలో వున్నాయి. చిన్నవి. చాలావాటికి ఆరు పలకలు, రంగు గోధుమ. పాలస్తీనా తీరపు యిసుకతో చేసిన గాజును కరిగించి, గొట్టం కొసకు ఎత్తి, అచ్చులోకి ఊదేవారు. అచ్చులో ఉబ్బెత్తుగా వున్న బొమ్మ గాజుమీద గుంటగా పడేది. ఒక పలకమీద మెట్లెక్కి నిలిచిన శిలువ. మరొకదానిమీద ఖర్జూరపు మట్ట. 578లో పట్టానికి వచ్చిన రెండవ తిబెరియస్ చక్రవర్తి బంగారునాణెం మీద యిలాగే మెట్లమీద శిలువ వుంది. బుడ్ల కాలం నిర్ణయించడానికి ఆ నాణెం బాగా అక్కరకు వచ్చింది.

వింత యేమిటంటే, అచ్చంగా యిలాంటి బుడ్లమీదే శిలువ వుండవలసినచోట యూదుల ఏడుకొమ్మల దీపవృక్షం కూడా కనబడుతుంది. అదే ఆకారం, అదే రంగు, అదే పనితనం. బొమ్మ చూడకపోతే యేది ఎవరిదో చెప్పలేము. డాన్ బరాగ్ అనే పండితుడు 1970, 71లలో వీటన్నిటినీ చేర్చి పరిశీలించి, రెండూ ఒకే కార్ఖానాలో తయారైనవని తేల్చాడు.

మరి ఆ రోజులలో యూదుల స్థితి చూడండి. 135లో తిరుగుబాటు అణగిన తరువాత హాడ్రియన్ చక్రవర్తి వారికి యెరూషలేములో అడుగు పెట్టరాదని శాసించాడు. క్రైస్తవ చక్రవర్తులు వచ్చినా ఆ కట్టడి పూర్తిగా తొలగలేదు. 333లో బోర్డో పట్టణపు యాత్రికుడు చూసినదేమిటి? పాత దేవాలయం వున్నచోట చిల్లుపడిన రాయి ఒకటి. యేడాదికి ఒకసారి యూదులు వచ్చి, దానికి నూనె పూసి, బట్టలు చించుకొని యేడ్చి వెళ్లేవారు.

వారికీ రాయే, వారికీ నూనే!

శాసనం మాట అలా వుంచండి. గాజు ఊదేవాడికి అచ్చు ఊరికే రాదు. డబ్బు పెట్టి చెక్కించుకోవాలి. కొనేవాళ్లు పట్టణంలోనో, పొలిమేరలోనో వుండబట్టేగా అతడు దీపవృక్షపు అచ్చుకూడా చేయించుకున్నాడు?